కోటక్క నిజంగానే గెలిచింది

మధ్యాహ్నం పూట మా మోటార్ల కొట్లో బేరాలు పెద్దగా ఉండవు. మొన్న ఎండాకాలంలో అలాంటి ఒక మధ్యాహ్నం, ఇన్వర్టర్ల కంపెనీ తరఫున ఒకాయన వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. జుట్టు పల్చబడి, కళ్ళజోడు పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ బ్యాటరీల ధరలు చెబుతున్నాడు. చెబుతూ చెబుతూ ఆగి రోడ్డు అవతలికి చూశాడు. "అక్కడ ఒక టీవీల షాపు ఉండేది కదండీ. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఇదే రోడ్డు మీద షామియానా వేసి మా చేత వీడియో గేము ఆడించారు" అన్నాడు. "మీరు శ్రీధర్ గారు కదూ. ఆ రోజు స్టేజీ మీద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నది నేనే" అన్నాను. ఆయన సంబరపడిపోయాడు. బ్యాటరీల సంగతి పక్కన పెట్టి మొదట అడిగిన ప్రశ్న ఒకటే. "ఆ అమ్మాయి ఇంకా ఆడుతోందాండీ?"

ఆ అమ్మాయి మా పెదనాన్న కూతురు కోటేశ్వరి. నాకు కోటక్క. ఆ షామియానా కింద, కంపెనీ వాళ్ళు ఊరూరా తిప్పుతున్న ఛాంపియన్ మీద ఆమె గెలిచింది. గెలిచిన సాయంత్రానికే, ఆ కుర్రాడు కావాలని ఓడిపోయాడని, ఆమె అడిగితేనే ఓడిపోయాడని మా వాళ్ళంతా తీర్మానించారు. నరసరావుపేట నుంచి నకరికల్లు దాకా ఆ మాట పాకింది. ఇప్పటికీ మా బంధువుల్లో ఎవరైనా ఆ సంగతి ఎత్తితే అదే చెబుతారు. అది అబద్ధం. అబద్ధమని ఆ రోజే తెలిసిన మనిషిని నేను. అది నిలబడింది కూడా నా మాట మీదే. ఈ అధ్యాయం అందుకే రాస్తున్నాను. నా మీద జాలి పడమని మాత్రం కాదు.

మేము నకరికల్లులో ఒకే లోగిలిలో ఉండేవాళ్ళం. పెదనాన్న ఎడ్ల బండలాగుడు పోటీలకు పెద్దమనిషి. ఎక్కడ పోటీ పెట్టినా ఆయన కుర్చీ గీత పక్కన ఉండాల్సిందే. జత బండను లాగేటప్పుడు తోలేవాళ్ళు పగ్గం లోపాయికారీగా బిగబట్టారా, ఎడ్లను నిజంగా వదిలారా అన్నది ఆయన చూసి చెప్పేవాడు. ఎద్దు బలమంతా పెడితే మూపురం వెనక కండ ఎలా లేస్తుందో, మనిషి మనసుపెట్టి తోలితే భుజం ఎలా ఊగుతుందో ఆయనకు తెలుసు. ఆయన "లాగలా" అంటే లాగనట్టే. కొట్లాటకు వచ్చినవాళ్ళు కూడా ఆ మాట విని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. మా ఇంట్లో పొద్దున్నే మొదట వచ్చే వాసన కాఫీది కాదు, ఎడ్లకు ఉడకబెట్టే ఉలవలది. ఆ గుండిగ దించాక గానీ మనుషుల పొయ్యి వెలిగేది కాదు. పెద్దమ్మ చేతులకు ఎప్పుడూ ఉలవల జిగట, పత్తిగింజల నూనె. మిరపకాయలు ఆరబోసిన రోజుల్లో ఇల్లంతా తుమ్ములు.

ఆ ఇంట్లోకి వీడియో గేము ఎలా వచ్చిందంటే, పెదనాన్నకు స్నేహితుడైన శేషయ్య మామకు నరసరావుపేటలో టీవీల షాపు ఉండేది. కలర్ టీవీ కొన్నప్పుడు ఆయనే అంటగట్టాడు. ఇద్దరు మనుషులు తెర మీద గుద్దుకుని తన్నుకునే ఆట అది. వైరున్న రిమోటు చేత్తో పట్టుకుని మీటలు నొక్కాలి. నేను కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాలు విసిరేసి, మంచం కోళ్ళు అదిరేటట్టు ఆడేవాణ్ణి. కోటక్క డిగ్రీ చదువుతోంది. ఆమెకు దొరికేది మధ్యాహ్నం అన్నాలయ్యాక, పెదనాన్న అదే హాల్లో మడతమంచం మీద నిద్రపోయే సమయం. ఆయన నిద్ర చెడితే టీవీ కట్టేయాల్సిందే. అందుకని శబ్దం పూర్తిగా తగ్గించి, గోడకు ఆనుకుని, రిమోటు ఒళ్ళో పైట కింద పెట్టుకుని ఆడేది. మీట చప్పుడు కూడా వినపడేది కాదు. బయట నుంచి చూస్తే ఏదో ఆలోచిస్తూ కూర్చున్న మనిషిలా ఉండేది. తెర మీద మాత్రం ఎదుటివాడు లేచే సందు దొరక్క కిందపడి ఉండేవాడు. ఆమె మీద నేను గెలిచిన ఆట ఒక్కటీ గుర్తులేదు. ఓడిపోయినప్పుడల్లా రిమోటు పాడైందనేవాణ్ణి. "అయితే నాది తీసుకో" అని మార్చుకుని మళ్ళీ ఓడించేది.

కంపెనీ వాళ్ళు గేము సెట్లు అమ్ముకోవడానికి ఛాంపియన్‌ను వ్యానులో తిప్పుతున్నారని, శేషయ్య మామ షాపు ముందు పోటీ పెడతారని తెలిసింది. ఊరి తరఫున ఆడే మనిషి కోసం షాపులోనే ముందు పోటీలు పెట్టారు. చివరికి మిగిలింది నేనూ కోటక్కా. అందరి ముందూ ఆమె చేతిలో చిత్తుగా ఓడిపోయాను. నా స్నేహితులు "ఏరా, ఆడపిల్ల చేత తన్నులు తిన్నావంట" అని వారం రోజులు ఏడిపించారు. శేషయ్య మామకు మాత్రం మంచి హుషారు వచ్చింది. ఆడపిల్ల ఆడితే జనం ఇంకా వస్తారన్నాడు. ఇంకొక సంగతి కూడా చెప్పాడు. గెలిస్తే గుంటూరు షోరూములో కొనేవాళ్ళకు ఆట నేర్పే ఉద్యోగం ఇస్తామని కంపెనీ వాళ్ళు అన్నారట. లేడీస్ హాస్టల్ కూడా చూస్తారట. ఆ మాట విన్న రోజు కోటక్క అన్నం సగంలో వదిలేసి లేచింది. ఆకలి లేక కాదు, కూర్చోలేక. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉలవల గుండిగ దగ్గర తన చోటు ఖాయమైపోయిందని ఆమెకు తెలుసు. ఆ ఉద్యోగం ఒక్కటే దారి.

పెదనాన్న ఒప్పుకోవడానికి కారణం, ఆయన్ను ముఖ్య అతిథిగా పిలవడం. ఆయనతో పాటు ఎడ్ల పోటీల పెద్దలంతా తెల్లచొక్కాలు వేసుకొచ్చి ముందు వరసలో కూర్చున్నారు. స్టేజీ మీద పెద్ద టీవీ, దాని ముందు మూడు కుర్చీలు. కంపెనీ ఛాంపియన్ శ్రీధర్, కోటక్క, ఊళ్ళో రెండో స్థానం వచ్చినందుకు నేను. మైకులో ఒకడు గొంతు చించుకుంటున్నాడు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్ళది పోటీ.

మొదటి ఆటలో శ్రీధర్ చూపించిన హడావుడి అంతా ఇంతా కాదు. కుర్చీలో ఎగిరెగిరి పడ్డాడు, భుజాలు ఊపాడు, పళ్ళు కొరికాడు, రిమోటును గాల్లోకి లేపి నొక్కాడు. ఓడిపోయాడు. జనం ఈలలు వేశారు. కోటక్క మొహం మాత్రం కందగడ్డలా అయింది. రిమోటు పక్కన పెట్టి ఆయన వైపు వంగింది. మైకు గోలలో ఆ మాట కింద ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది. "నేను ఆడపిల్లనని ఓడిపోతున్నారా? సరిగ్గా ఆడండి. లేకపోతే లేచి ఇంటికి వెళ్తా." ఆయన బిత్తరపోయి చూశాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపి, కుర్చీలో వెనక్కి జరిగి, రిమోటు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక కదల్లేదు. ఆయన కూడా ఆమెలాంటి మనిషే. నిజంగా ఆడేవాళ్ళకు వేళ్ళు తప్ప ఇంకేమీ కదలవని నాకప్పుడు తెలిసింది. రెండో ఆట ఆయన గెలిచాడు. మూడో ఆటలో ఇద్దరూ రాళ్ళలా కూర్చున్నారు. తెర మీద ఇద్దరికీ ప్రాణం దాదాపు అయిపోయి, ఒక్క దెబ్బ ఎవరిది ముందు పడితే వాళ్ళదే అన్నచోట ఆమె దెబ్బ పడింది.

ముందు వరసలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికొచ్చాక వసారాలో పంచాయితీ జరిగింది. పెదనాన్న కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చుని, బండ పోటీ తీర్పు చెప్పినట్టే చెప్పాడు. "మొదటి ఆట ఆ కుర్రోడు పానం పెట్టి ఆడాడు. భుజాలు చూశాంగా. చెయ్యి కుదరక ఓడిపోయాడు, అది వేరే. రెండోది కదలకుండానే గెలిచాడు. అంటే దీనికన్నా వాడు చానా ఎక్కువోడు. కదలకుండా గెలిచినోడు మళ్ళీ కదలకుండా ఓడిపోయాడంటే ఏంది? వదిలేశాడు. పగ్గం బిగబట్టాడు." చుట్టూ ఉన్న పెద్దలు తలలూపారు. ఏదో ఒక ఆట వదిలేశాడన్న వాసన పట్టారు, అంతవరకు నిజమే. కానీ నాటకమాడిన ఆటను నిజమనుకున్నారు, నిజమైన ఆటను నాటకమన్నారు. ఎడ్లను చూసే కళ్ళతో మనుషుల వేళ్ళను చూశారు. తెర వైపు ఒక్కరూ చూడలేదు.

కోటక్క గడపలో నిలబడి ఉంది. "నాన్నా, మొదటిదే ఆయన వదిలేసింది. నేనే సరిగ్గా ఆడమన్నా" అంది. పెదనాన్న ఆమెకు బదులు చెప్పకుండా నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు పక్కనే ఉన్నావుగా. మధ్యలో వంగి ఆడితో ఏమంది?"

ఆమె నన్ను చూసింది. భయంగా కాదు. ఇంకేముంది, వీడు చెబుతాడు, అయిపోతుంది అన్న ధీమాతో చూసింది.

"గెలిపించమని అడిగింది పెదనాన్నా" అన్నాను.

చిన్నతనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మీసాలొచ్చిన వాణ్ణి. ఆమె చేతిలో ఓడిపోయిన మంట ఉంది, ఆమె గుంటూరు వెళితే నేను ఈ ఇంట్లో ఉలవలు మోస్తూ ఉండిపోతానన్న ఏడుపు ఉంది. అన్నీ తెలిసే అన్నాను. ఆ మాటతో రెండు పనులయ్యాయి. గెలుపు అబద్ధమైంది. పైగా, నలుగురిలో పరాయి మగాడి మీదికి వంగి ఏదో అడిగిందన్న మాట తయారైంది. రెండోది మా వైపు ఎంత దూరం పోతుందో చెప్పక్కర్లేదు. "అడుక్కుని తెచ్చుకున్న ఉద్యోగం మన ఇంటికొద్దు" అన్నాడు పెదనాన్న. పెద్దమ్మ టీవీ మీద గుడ్డ కప్పింది. గేము సెట్టు శేషయ్య మామ షాపుకే తిరిగి వెళ్ళింది. ఆమె డిగ్రీ పరీక్షలు రాసింది, ఆ తర్వాత గుండిగ దగ్గర కూర్చుంది. నాతో మాట్లాడటం మానలేదు. అదే నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. అన్నం వడ్డిస్తూ "ఇంకొంచెం మజ్జిగ పొయ్యనా" అని అడిగేది. నేను పోయించుకునేవాణ్ణి.

ఇప్పుడు శ్రీధర్ నా కొట్లో కూర్చుని టీ తాగుతూ అంతా చెప్పాడు. "మాకు ప్రతి ఊళ్ళో ఓడిపొమ్మనే చెప్పేవాళ్ళండీ. ఊరివాళ్ళు గెలిస్తేనే సెట్లు అమ్ముడుపోతాయి. ఎగిరి గంతులెయ్యి, ఓడిపో అనేవాళ్ళు. మీ ఊళ్ళో ఆ అమ్మాయి నా మొహం మీదే అడిగేసింది. ఇక సిగ్గేసి నిజంగా ఆడాను. మూడో ఆట నా శాయశక్తులా ఆడి ఓడిపోయాను. ఆ తర్వాత మా మేనేజరు దగ్గర తిట్లు. ఓడిపోయినందుకు కాదు, రెండోది గెలిచినందుకు." చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఓడిపోవడాన్ని ఉద్యోగంగా పెట్టి ఊరూరా తిప్పిన ఆ కంపెనీ మీద కోపమొచ్చింది. వాళ్ళ సెట్లు అమ్ముడుపోయాయి, మా ఇంట్లో ఒక మనిషి బతుకు పోయింది. ఆ కోపం ఒక్క నిమిషం ఉంది. అబద్ధం వాళ్ళు తెచ్చారేమో గానీ ఇంట్లోకి మోసుకొచ్చింది నేను.

ఆ సాయంత్రమే నకరికల్లు వెళ్ళి పెదనాన్నకు ఉన్నదంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. ఆయనకు ఇప్పుడు చూపు తగ్గింది, వినికిడి మాత్రం బాగానే ఉంది. అంతా విని, "నా కన్ను తప్పంటావా?" అన్నాడు. "తప్పే" అన్నాను. "భుజం కదల్లా రా" అన్నాడు. "కదలదు పెదనాన్నా, ఆ ఆటలో కదలదు. కోటక్క భుజం ఎప్పుడన్నా కదిలిందా? నీ మంచం పక్కనే కూర్చుని ఆడేది." ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కూతురి గురించి ఒక్క ముక్క అడగలేదు. అంత పెద్దవాడి మీద అరవకూడదని నోరు మూసుకుని వచ్చాను. కోపం దిగలేదు. దించుకోవాలని కూడా లేదు.

కోటక్క ఇప్పుడు నాదెండ్లలో ఉంటుంది. ఆమె, బావ కలిసి పురుగుమందుల కొట్టు నడుపుతారు. నేను వెళ్ళేసరికి బావ పొలం వెళ్ళాడు. కొట్టంతా మందుల ఘాటు. ఒక రైతు అప్పుగా మందు అడుగుతుంటే "పోయినసారి కూడా ఇదే మాట చెప్పావు బాబాయ్" అంటూనే డబ్బా తీసి ఇచ్చింది. ఆయన వెళ్ళాక నేను ఆ రోజు సంగతి మొదలుపెట్టాను. సగంలో ఆపింది.

"నేనేమన్నానో నాకు తెలుసు. నీకు వినపడిందనీ తెలుసు. నువ్వు అబద్ధమాడావనీ తెలుసు. నాకు తెలవనిది ఏదన్నా ఉంటే చెప్పు. లేకపోతే మంచినీళ్ళు తాగి పో."

శ్రీధర్ వచ్చాడని చెప్పాను. ఆమె చేతిలోని గుడ్డతో బల్ల తుడుస్తూనే ఉంది. తర్వాత అది ఆగింది. నా వైపు చూడకుండా అడిగింది.

"మూడో ఆట ఆయన చివరిదాకా ఆడాడా?"

నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఆమెకు తెలుసు అనుకున్నాను. అందరూ కాదన్నా ఆమె లోపల ఆ గెలుపు భద్రంగా ఉండి ఉంటుందని, అదొక్కటీ నేను పాడుచేయలేకపోయానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. "మొదట్లో తెలుసనే అనుకునేదాన్ని" అంది. "నా వేళ్ళకు తెలుసుగా అనుకున్నా. ఏళ్ళ తరబడి అందరూ అదే అంటుంటే, ఏమో, పాపం అనుకుని వదిలాడేమో అనిపించేది. మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు కూర్చుని ఆ ఆట మొత్తం మళ్ళీ ఆడుకునేదాన్ని. ఒక్కోసారి వదిలాడనిపించేది, ఒక్కోసారి లేదనిపించేది."

"శాయశక్తులా ఆడాడంట అక్కా. ఆయనే చెప్పాడు."

ఆమె తల ఊపింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "నాకు చెప్పడానికి ఇంత దూరం వచ్చావేంది? నువ్వు అబద్ధం చెప్పింది నాకు కాదుగా. ఎవరి ముందు అన్నావో వాళ్ళ ముందు పోయి చెప్పు" అంది.

ఆ వాళ్ళలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు ఇప్పటికీ పోటీల దగ్గర కుర్చీల్లో కూర్చుంటారు. ముప్పాళ్ళలో బండలాగుడు పెట్టినప్పుడు వెళ్ళాను. పెదనాన్నను కూడా ఎవరో కారులో తీసుకొచ్చి శాలువా కప్పి గీత పక్కన కూర్చోబెట్టారు. రెండు జతల మధ్య ఖాళీలో మైకు అడిగి తీసుకున్నాను. పేరు చెప్పి, ఫలానా పోటీలో మా అక్క కోటేశ్వరి న్యాయంగా గెలిచిందని, గెలిపించమని ఆమె ఎవరినీ అడగలేదని, అడిగిందని నేను చెప్పింది అబద్ధమని అన్నాను. దుమ్ములో నిలబడ్డ కుర్రాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "వీడియో గేమంట, ఏ కాలం సంగతిరా" అని ఎవడో నవ్వాడు. మైకు కుర్రాడు నా మోచెయ్యి పట్టుకుని, "అన్నా, జత లోపలికొచ్చింది, కానివ్వు" అన్నాడు. పెదనాన్న నేల చూపులు చూస్తున్నాడు. ఆయన పక్కనున్న పెద్దాయన, ఆ రోజు వసారాలో తల ఊపిన మనిషే, నేను కిందికి దిగాక "ఇప్పుడెందుకురా ఇయ్యన్నీ, ఎవురికి గుర్తు?" అన్నాడు.

ఎవరికీ గుర్తులేదట. ఒక మనిషిని అబద్ధాలకోరును చేయడానికైతే అందరికీ గుర్తుంది, కాదని చెప్పే రోజున ఎవరికీ గుర్తులేదు. నా కొడుకు ఇప్పుడు ఫోనులో ఇలాంటి ఆటలే చూస్తుంటాడు. అనుమానమొస్తే వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తాడు, వేళ్ళు ఎక్కడ తప్పాయో కూడా కనపడుతుంది. మా కాలంలో వెనక్కి తిప్పడానికి ఏమీ లేదు, ఒక పెద్దమనిషి కన్ను, ఒక తమ్ముడి నోరు. ఇప్పుడంతా మారిందని మాత్రం అనను. మొన్న ఒక ఆడపిల్ల గెలిస్తే ఆ ఫోనులోనే కింద వంద మంది రాశారు, ఎవడో కావాలని వదిలేశాడని. మా వసారా అలాగే ఉంది, కాస్త వెడల్పయింది.

మైకులో చెప్పింది గాలికి పోయింది కాబట్టి కాగితం మీద పెట్టాను. రాసింది కోటక్కకు కొట్లోనే చదివి వినిపించాను. బల్ల మీద మోచేతులు ఆనించి విన్నది. రెండో ఆట దగ్గర నేను ముందు ఇంకోలా రాశాను. సరిగ్గా ఆడమన్నాక ఆమె చేతులు వణికాయని, అందుకే ఓడిపోయిందని. అక్కడ ఆపించింది.

"వణకలా. అది కొట్టెయ్యి."

"నీ తరఫునే రాశా అక్కా."

"నా తరఫున నువ్వు మాట్లాడింది చాల్లే. రెండో ఆట ఆయన నాకన్నా బాగా ఆడాడు, నేను ఓడిపోయా. సరిగ్గానే ఓడిపోయా. దాన్ని కూడా అట్టాగే రాయి."

ఆమె చూస్తుండగానే కొట్టేశాను. రెండో ఆట ఆయన గెలిచాడు అని రాశాను.